విడాకుల చట్టం లేకపోతే కాపురాలు నిలుస్తాయా?

"ఫిలిప్పీన్స్‌లో విడాకులే లేవు, అందుకే అక్కడి కుటుంబాలు చెక్కుచెదరలేదు. పడమటి గాలి సోకిన కుర్రకారు ఇప్పుడు పెళ్లి మీద గౌరవం లేక ఆ చట్టం కావాలంటోంది." ఈ సందేశాన్ని మనవాళ్లు ఫోన్లలో తెగ పంపుకుంటున్నారు. ఇందులో ఒక్క మాటా పూర్తిగా నిలవదు.

విడాకులే లేవన్నది సగం నిజం. అక్కడి ముస్లింలకు 1977 నుంచే ఆ హక్కు ఉంది. దారి మూసింది మిగతావారికి.

ఇక చెక్కుచెదరని కుటుంబాల సంగతి. కాపురాలు అక్కడా విరుగుతున్నాయి, కాగితం మీద మాత్రం విరగవు. కొట్టే భర్త నుంచి భార్య కోర్టు ద్వారా వేరుపడవచ్చు గానీ మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. పెళ్లినే రద్దు చేయించాలంటే, చాలా కేసుల్లో దాంపత్య బాధ్యతలు మోసే మానసిక సామర్థ్యం పెళ్లినాటికే ఒకరికి లేదని రుజువు చేయాలి. తిన్న దెబ్బలు ఒక్కటే చాలవు. ఆ వ్యాజ్యం ఖర్చు పేదవాళ్లు భరించలేనిది. అందుకే విడిపోయి, ఇంకొకరితో ఇల్లు కట్టుకుంటారు. అప్పుడు శిక్షాస్మృతి మీద పడుతుంది. వివాహిత పరపురుషుడితో ఒక్కసారి కలిసినా ఆరేళ్ల వరకు జైలు. నిష్కారణంగా వదిలేసి పోయిన భర్త ఫిర్యాదు చేసినా ఆమె శిక్ష తగ్గుతుందే గానీ నేరం పోదు. భర్త విషయానికొస్తే, ఉంపుడుగత్తెను కాపురమున్న ఇంట్లో పెట్టడమో, వేరేచోట ఆమెతో కాపురం చేయడమో, నలుగురూ ముక్కున వేలేసుకునేలా తిరగడమో చేస్తేనే నేరం. శిక్షా తక్కువే. దీన్నా కుటుంబాన్ని కాపాడడం అంటున్నారు?

పడమటి గాలి మాట మరీ అన్యాయం. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ దీవుల్లో ఆలుమగలు విడిపోయేవారు. తప్పు భార్యదైతే ఓలి తిరిగి ఇచ్చేవారు. పడమటి నుంచి వచ్చింది నిషేధమే.

యువతకు గౌరవం లేదా? చర్చి మాట మీద నిలబడి విడాకులు వద్దనే యువతీయువకులూ అక్కడ ఉన్నారు. వారి విశ్వాసాన్ని ఎవరూ కాదనరు. కానీ తల్లి ఏళ్లుగా కలిసి బతుకుతున్న మనిషితో ఆమె పెళ్లి చట్టబద్ధం కావాలని కోరే కూతురు పెళ్లిని తక్కువ చేసినట్టు ఎలా అవుతుంది? ఆమె అడిగేదే పెళ్లి.

మన దగ్గర మద్రాసు ప్రభుత్వం 1949లోనే హిందువులకు విడాకుల చట్టం తెచ్చింది; కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోనివే. ఫిలిప్పీన్స్ ప్రతినిధుల సభ 2024 మేలో 131–109 ఓట్లతో ఆమోదించిన బిల్లు మాత్రం సెనేట్‌లో ఓటింగుకు రాకుండానే 2025లో గడువు తీరిపోయింది. అలాంటి బిల్లును మళ్లీ తెచ్చి, సెనేట్‌లో కనీసం ఓటుకైనా పెట్టాలి.