మహారాజశ్రీ 18 ఎం.ఎం. ప్లైవుడ్ గారికి

అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమంగా లేము.

ఇంటి వర్క్‌షాప్‌లో డ్రిల్లూ రంపాలూ రంగు డబ్బాలూ కాళ్లకి అడ్డం పడుతున్నాయని గోడ పొడుగునా గట్టి షెల్ఫులు కట్టుకోవాలనుకున్నాను. ఆ కోరికతో ఈ మధ్యాహ్నం నిలువు పలకల్లో గాడి కొట్టే మిషన్‌కి 18 ఎం.ఎం. బిట్ (కోసే మొన) తగిలించి, షెల్ఫులు దూరే గాడులన్నీ కొట్టి, తమరిని సాదరంగా అందులో కూర్చోబెడితే, అన్నగారి చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా అటూ ఇటూ ఊగారు. మందం కొలిచే కాలిపర్ పెడితే 17.2. ఇంకో మూల 17. ముద్ర మీద మాత్రం నిఖార్సుగా 18!

కోసే ముందే కొలుచుకోవాలి కదా అనే పెద్దమనుషులు ఎలాగూ ఉంటారు. కొలిస్తే గానీ నమ్మలేని అంకె ముద్రించడం దేనికండీ మరి?

ముక్కాలు ఎం.ఎం.కే ఇంత గోలా అంటారేమో. మందం సగమైతే గట్టిదనం సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. 18 నుంచి 17కి దిగితేనే దాదాపు 16 శాతం పోయినట్టు. గాడి వదులైనా కింది అంచు బరువు మోస్తుంది, నిజమే, కానీ రాక్ పక్కకి ఊగకుండా పట్టుకోవాల్సింది ఆ బిగువే. జిగురు పోసి సరిపెడదామా అంటే, చెక్క జిగురు రెండు ముఖాలు ఆనుకుంటేనే పట్టేది, సందులు పూడ్చడం దాని పని కాదు. ఇప్పుడు చిన్న బిట్ వేసి, నీ ముక్కనే పక్కన పెట్టుకుని రెండు విడతల్లో గాడి కొట్టాలట. అంటే పలకలన్నీ మళ్లీ కొత్తవి. ఎవరిస్తారు? నువ్విస్తావా?

అంచులోకి స్క్రూ బిగిస్తే పొరలు విప్పుకుంటావు. అడ్డంగా కోస్తే పై పొర పేళ్లు పేళ్లుగా లేస్తుంది. లోపల ఖాళీలు ఎక్కడున్నాయో రంపానికి తగిలే దాకా చెప్పవు. వాటి సంగతి ఇంకోసారి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, తిట్టుకుంటూనే. మామూలు చెక్క పలకలా తేమకి వెడల్పులో ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే రకం కాదు నువ్వు. పై పొర నార షెల్ఫు పొడుగునా ఉండేలా కోసి, ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల చెక్క పట్టీ నిలువుగా అంటించి, వెనక ఒక పలుచని షీటు కొడితే రాక్ కదలమన్నా కదలదు. మూడడుగులకో ఆధారం పెట్టే చోట రెండడుగులకి పెడితే, అడుగుకి అంతే బరువున్నా కుంగడం అయిదో వంతుకి తగ్గుతుంది. ఇంత పనితనం ఉన్నదానివి, ఒంటి మీద 17.2 అని నిజం రాసుకుంటే నిన్ను కొనం అన్నామా? నీకు అబద్ధమెందుకే తల్లీ!

ఇట్లు,
వదులు గాడుల్లో చెక్క పేళ్లు దూర్చుకుంటున్న
తమ విధేయుడు