మొదటి పేజీలోనే ‘దెయ్యాలు లేవు’ అని రాయాలా?

పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల కోసం దెయ్యాలు, చేతబడి, మహిమల మీద ఒక పుస్తకం రాతప్రతి సిద్ధమైంది. రాసిన రచయిత్రి వాటిలో దేన్నీ నమ్మదు. ఊరూరా మహిమల గుట్టు విప్పి చూపే ఒక మాస్టారు దాన్ని చదివి అభ్యంతరం చెబుతున్నారు. ఆయనా నమ్మరు. పేచీ అంతా పిల్లలకు ఎలా చెప్పాలన్న దాని మీదే.

మాస్టారు: నలభై పేజీలు చదివానమ్మా. దెయ్యం లేదన్న ముక్క ఎక్కడా కనబడలేదు. మీరు నమ్మనప్పుడు ఆ మాట పిల్లలతో అనడానికి మొహమాటం దేనికి?

రచయిత్రి: మొహమాటం లేదండీ. లేదని నేనంటాను, ఉందని వాళ్ళ నాయనమ్మ అంటుంది. పిల్లవాడు ఎవరి మాట వింటాడు? రోజూ అన్నం కలిపి పెట్టేది ఆవిడే. వాడికి చెప్పే పెద్దవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, నేనూ ఒకదాన్ని అయితే లాభమేముంది? వాడి చేత్తో వాడే చేసి చూసుకోవాలి. అందుకే పుస్తకాన్ని లోలకంతో మొదలుపెట్టాను, దారానికి బరువు కట్టి పట్టుకుంటే ఆత్మ దాన్ని ఊపి జవాబు చెబుతుందంటారే, అది.

మాస్టారు: ఉంగరం, దారం పరీక్షేగా? అది పిల్లల చేతిలో సగంసార్లు పనిచెయ్యదు.

రచయిత్రి: కొలతలు చెప్పకపోతే పనిచెయ్యదు. దారం 30 సెంటీమీటర్లు ఉండాలి. అంత పొడవైతే ఒక ఊపుకు సెకను పైచిలుకు పడుతుంది, వేళ్ళ సన్నని కదలిక ఆ లయకు తోడై ఊపు పెరుగుతుంది. పొట్టి దారం గజగజలాడి ఊరుకుంటుంది. చివర ఇనుప నట్టు కట్టాలి, ప్లాస్టిక్ గుండీ తేలిక. ఫ్యాను ఆపెయ్యాలి. కాగితం మీద నిలువు గీత ‘అవును’, అడ్డ గీత ‘కాదు’. మోచెయ్యి దేనికీ ఆనించకుండా దారం పట్టుకుని, చెయ్యి కదపనని గట్టిగా అనుకుని, జవాబు ‘అవును’ అని తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలి. చాలామందికి కాసేపట్లోనే నట్టు నిలువు గీత వెంట ఊగుతుంది.

మాస్టారు: అక్కడితో ఆపితే మీరు దెయ్యాన్ని పిలవడం నేర్పినట్టే!

రచయిత్రి: అక్కడ ఆపను. తర్వాత పట్టుకున్న వేళ్ళను ఒక డబ్బా అంచుకు ఆనించమంటాను, ఊపు తగ్గిపోతుంది. ఆపైన కళ్ళకు గంతలు కట్టి, చప్పుడు లేకుండా కాగితాన్ని పక్కకు తిప్పమంటాను. ఆత్మే ఊపుతుంటే దానికి కొత్త గీత కనబడాలి కదా? నట్టు పాత దారినే పోతుంది, లేదా దారి తప్పుతుంది. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రోల్ 1833లో అచ్చు వేయించిన ఉత్తరంలో ఇంచుమించు ఇలాగే చేసి చూపించాడు. చెయ్యి ఆనించినకొద్దీ ఊపు తగ్గడం, కళ్ళు మూస్తే ఆగిపోవడం రెండూ అందులో ఉన్నాయి. దీని తర్వాత ‘ఆత్మలు లేవు’ అన్న వాక్యం నేను రాయక్కర్లేదు.

మాస్టారు: లోలకం వల్ల ఎవరి ప్రాణమూ పోదమ్మా. చేతబడి అలా కాదు. ఇంట్లో జ్వరం తగ్గకపోతే పక్కింటి ఒంటరి ముసలమ్మ మీద అనుమానం పడుతుంది. చెట్టుకు కట్టి కొట్టినవి ఉన్నాయి, పళ్ళు ఊడగొట్టినవి ఉన్నాయి, చంపేసినవీ ఉన్నాయి. అక్కడ పన్నెండేళ్ళ పిల్లతో ‘నువ్వే తేల్చుకో’ అంటారా?

రచయిత్రి: అనను. ఆ ఒక్క అధ్యాయానికీ మీ మాటే. ‘చేతబడి వల్ల ఎవరికీ జబ్బు రాదు’ అన్నది మొదటి వాక్యం. ఎవరినైనా ఆ అనుమానంతో చుట్టుముడితే దగ్గరికి వెళ్ళకుండా పెద్దవాళ్ళకు చెప్పమని, 112కు ఫోన్ చెయ్యమని రెండో వాక్యం. పరీక్షలేవీ ఉండవు.

మాస్టారు: నిద్రలో గుండెల మీద దెయ్యం కూర్చోవడం కూడా అలాగే రాయండి. ఆ రాత్రి పిల్లకు కావలసింది జవాబు.

రచయిత్రి: నిజమే. కాకపోతే ‘నీకు అనిపించింది అబద్ధం కాదు’ అని ముందు చెప్పాలి. కలలొచ్చే నిద్రలో ఒంటి కండరాలు పట్టు వదిలి ఉంటాయి. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, పట్టు తర్వాత వస్తుంది. మామూలుగా కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాలు. నిద్ర చాలనివాళ్ళకు, వెల్లకిలా పడుకున్నవాళ్ళకు ఎక్కువ. అంతే రాస్తాను.

మాస్టారు: మరి రాత్రిళ్ళు బురదనేలల మీద వెలుగులా కనబడే కొరివిదెయ్యం దగ్గర నీళ్ళు నమిలారేం? చిత్తడినేలలో వాయువు పుట్టి మండుతుందని తేల్చి చెప్పొచ్చుగా. బళ్ళో మేం చెప్పేది అదే.

రచయిత్రి: అదే నాకు బాధ, మాస్టారూ. బురదలో పుట్టే మీథేన్ వాయువు తనంతట తాను అంటుకోదు, దానికి 500 డిగ్రీలు దాటిన వేడి కావాలి. డైఫాస్ఫేన్ అనే భాస్వరపు ఆవిరి గాలి తగిలితే అంటుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ భాస్వరం మండితే తెల్లటి పొగ రావాలి. పొగలేని చల్లని వెలుగు చూశామన్న కథనాలు ఎన్నో ఉన్నాయి. కొన్ని ఎవరో పట్టుకున్న లాంతర్లే అయ్యుంటాయి. ‘మంచి ఊహే, ఇంకా పూర్తిగా తేలలేదు’ అనే రాశాను, అలాగే ఉంచుతాను.

మాస్టారు: ఆ సందులోంచే మంత్రగాడు లోపలికొస్తాడు.

రచయిత్రి: తెలియనిచోట దెయ్యాన్ని కూర్చోబెట్టకూడదని నేర్పాలంటే, తెలియనిచోటు ఒకటి చూపించాలి కదండీ. మనం తప్పు వివరణ ఇచ్చి, వాడు ఇంటర్‌లో రసాయనశాస్త్రం చదివి అది తప్పని పట్టుకుంటే, మన మిగతా మాటలు కూడా పోతాయి.

మాస్టారు: సరే. ఇంగ్లండు ఫెయిరీల, అదే రెక్కలున్న చిట్టి దేవకన్యల, ఫొటోల గొడవ మన పిల్లలకెందుకు? ఆ ఎనిమిది పేజీలు తీసెయ్యండి.

రచయిత్రి: తియ్యను. ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. 1917లో కాటింగ్లీ అనే ఊళ్ళో పదహారేళ్ళ ఎల్సీ, తొమ్మిదేళ్ళ ఫ్రాన్సిస్ కాగితం మీద బొమ్మలు గీసి, కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టి ఫొటోలు తీశారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు 1920లో అవి నిజమని పత్రికలో రాశాడు. ఎందుకు మోసపోయాడు? నెగెటివ్‌లో చేతివాటం ఉందా అని అడిగారు, లేదన్న జవాబు వచ్చింది. జవాబు సరైనదే! ఫొటో అసలుదే, అందులో ఉన్నది కాగితం. కెమెరా ముందు ఏముంది అన్న ప్రశ్న మీద పట్టుబట్టలేదు. ఆ ఇద్దరూ గుట్టు విప్పింది 1983లో. ఫోన్‌లో దెయ్యం వీడియో వచ్చినప్పుడు పిల్లలు అడగాల్సిందీ ఆ ప్రశ్నే.

మాస్టారు: ...ఉంచండి. కానీ హోమగుండం అధ్యాయం మాత్రం నేను ఒప్పుకోను. మంత్రంతో మంట పుట్టించడం గురించి పాళ్ళతో సహా రాశారు.

రచయిత్రి: గుట్టు చెప్పకపోతే విప్పినట్టు ఎలా అవుతుంది?

మాస్టారు: గుట్టు చెప్పండి, పాళ్ళు చెప్పకండి. స్వామి పోసే ‘నెయ్యి’ గ్లిజరిన్ అని, కింద పొటాషియం పర్మాంగనేట్ దాచాడని చెబితే చాలు. అది వెంటనే అంటుకోదు. పలుకులు ముతకగా ఉన్నా, చలిగా ఉన్నా ఇంకా ఆలస్యం. పిల్లవాడు ‘ఏం కాలేదే’ అని ముఖం వంచి చూస్తాడు. భగ్గుమనేది సరిగ్గా అప్పుడే. కొబ్బరికాయలో సోడియం దాచి నీళ్ళతో మండించడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం కూడా అంతే, ప్రదర్శనలో చూడాల్సినవి. బదులుగా రక్తం కారే నిమ్మకాయ ఇవ్వండి.

రచయిత్రి: మందారంతో చేసేదా?

మాస్టారు: అవును. ముదురు ఎర్రమందార రేకలు అయిదారు తీసుకుని స్టీలు కత్తి అలుగుకు రెండు పక్కలా గట్టిగా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉంటే రంగు ముందే బయటపడుతుంది. లేతరంగు పూలు పనికిరావు. ఎండిన నిమ్మకాయలో రసం ఉండదు, పల్చటి తొక్క కాయ కావాలి. పక్కన పెద్దవాళ్ళుండాలి.

రచయిత్రి: అంతటితో చాలదు. ముందు మామూలు కత్తితో ఒక కాయ కొయ్యాలి. తర్వాత మందార కత్తితో కీరా ముక్క కొయ్యాలి, దానిలో అంత పులుపు లేదు కాబట్టి ఆ ఎరుపు రాదు. మూడోది నిమ్మకాయ. రంగు కత్తిదా, కాయదా, రెండూ కలిస్తేనా అన్నది వాళ్ళే తేల్చాలి. జవాబు నాలుగు పేజీల తర్వాత వేస్తాను.

మాస్టారు: ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు చూశారా? నాలుగు పేజీల తర్వాతది చిరిగిపోయి ఉంటుంది. ‘నిమ్మకాయలోంచి రక్తం’ ఒక్కటే మిగులుతుంది. జవాబు అదే పేజీలో ఉండాలి.

రచయిత్రి: అదే పేజీలో, అడుగున, తలకిందులుగా అచ్చు వేయిస్తాను. అంతకంటే ఒక్క గీత ముందుకు జరపను.