ఆ త్రిభుజం పూర్తి చేయనివ్వండి

పదో తరగతి గణితానికి రోజుకు నాకు దక్కేది 45 నిమిషాలు. అందులో పది నిమిషాలు ఫోనే మింగేస్తోంది. పై అధికారులకు పంపాల్సిన హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనం ఫొటో, కోడిగుడ్ల లెక్క, ఆపైన సాయంత్రంలోగా పంపాలంటూ మరో పట్టిక. నిన్న సరూప త్రిభుజాలు సగంలో ఉండగా మళ్లీ కబురు. సుద్దముక్క పక్కన పెట్టక తప్పలేదు.

వెనక బెంచీ అమ్మాయి సెలవు రోజుల్లో తల్లితోపాటు మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తుంది. గుంటూరులో ఇది కొత్త కాదు. సోమవారం ఆ వేళ్లు మండుతూనే ఉంటాయి, పెన్ను పట్టుకోవడమే కష్టం. ఆ వేళ్లతోనే మొన్న బోర్డు మీద ఆ త్రిభుజాల పాఠంలోని థేల్స్ సిద్ధాంతాన్ని ఒక్క తప్పు లేకుండా నిరూపించింది. నా కళ్లు చెమర్చాయి. అలాంటి పిల్లకు దక్కాల్సిన పది నిమిషాలు పట్టికలకు ఎందుకు ధారపోయాలి? గుడ్లు లెక్కపెట్టడానికి మరొకరిని పెట్టండి.