పైన రంగు, అడుగున తుప్పు

సినిమాలో కనబడిన పాత పడవ ఎక్కడైనా దొరికితే చాలు, నాలుగు డబ్బాల రంగు పూసేసి, పక్కన హీరో కటౌట్ నిలబెట్టి, 'పునరుద్ధరించాం' అని రిబ్బన్ కట్ చేసేస్తారు. జనం సెల్ఫీలు దిగుతారు. దాని అడుగు ఎలా ఉందని ఒక్కరూ అడగరు. సరిగ్గా ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. పడవ విలువంతా నీళ్ళలో మునిగి ఉండే భాగంలోనే ఉంటుంది. సినిమా పేరు చూసి రేటు కట్టేవాళ్ళకి ఈ మాట అస్సలు నచ్చదు.

'ఆఫ్రికన్ క్వీన్' సంగతే చూడండి. జాన్ హ్యూస్టన్ 1951లో తీసిన సినిమా. హంఫ్రీ బోగార్ట్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టింది. అందులో బోగార్ట్, కేథరిన్ హెప్‌బర్న్ తర్వాత మూడో ముఖ్య పాత్ర ఆ పొగగొట్టం పడవదే. అదేమీ షూటింగ్ కోసం చేయించిన బొమ్మ కాదు. 1912లో ఇంగ్లండులోని లిథమ్‌లో తయారైన ముప్పై అడుగుల ఉక్కు పడవ. అసలు పేరు లివింగ్‌స్టన్. బ్రిటిష్ వాళ్ళ తూర్పు ఆఫ్రికా రైల్వే కింద ఆల్బర్ట్ సరస్సు మీద, నైలు మీద సరుకులు, మనుషుల్ని మోస్తూ 1968 దాకా కొలువు చేసింది. అంటే యాభై ఏళ్ళకి పైగా చాకిరీ, మధ్యలో కొన్ని వారాలు సినిమా వేషం. మనకి గుర్తున్నది ఆ వేషం ఒక్కటే.

తర్వాత ఎలాగో అమెరికా చేరింది. 1982లో ఒక లాయరు కొనేనాటికి ఫ్లోరిడాలో నీళ్ళకి దూరంగా ఓ పచ్చికబయల్లో పడి ఉంది. ఆయన బాగుచేయించి అదే రాష్ట్రంలోని కీ లార్గో దీవిలో తిప్పాడు. 1992లో అమెరికా ప్రభుత్వం దాన్ని చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చింది. ఆయన 2001లో పోయాక పడవ మళ్ళీ మూలన పడింది. చివరికి అక్కడే పడవలు అద్దెకి తిప్పుకునే ఒక జంట పూనుకుని, ఆవిరి పుట్టించే కొత్త బాయిలర్ పెట్టించి, పాడైపోయిన ఉక్కు రేకులు మార్పించి, 2012లో, అంటే దానికి సరిగ్గా నూరేళ్ళు నిండిన ఏడాది, మళ్ళీ నీళ్ళలోకి దించారు. టికెట్ కొనుక్కుని ఎక్కొచ్చు.

ఈ కథ ఎక్కడ చెప్పినా ఒక మహానుభావుడు తయారు. 'బాయిలర్ కొత్తది, రేకులు కొత్తవి, ఇక ఒరిజినల్ ఏం మిగిలిందండీ?' అని.

అయ్యా, బాయిలర్ అలంకారానికి పెట్టిన వస్తువు కాదు. లోపల ఆవిరి పీడనం ఉంటుంది. ఏళ్ళ తరబడి నీళ్ళు మరిగి మరిగి దాని గోడని లోపలి నుంచి తినేస్తాయి, బయటికి మాత్రం నిక్షేపంలా కనిపిస్తుంది. ముప్పై అడుగుల పడవలో ప్రయాణికుడు కూర్చునేది దానికి చెయ్యి చాపినంత దూరంలో. అలాంటి చోట 'పాతదే ఉండాలి' అని పట్టుబట్టేవాణ్ణి ముందు దాని పక్కన కూర్చోబెట్టాలి. పడవ బతికినన్నాళ్ళూ బాయిలర్లు మారుతూనే ఉంటాయి. 

అడుగు రేకు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తెలిసినవాడు ఇనప పడవని గట్టు మీదికి లాగించి, చిన్న సుత్తి పట్టుకుని ముక్కు నుంచి వెనక దాకా జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోతాడు. మందంగా ఉన్నచోట ఖంగుమంటుంది. పలచబడినచోట మూగబోతుంది. ఒక్కోచోట సుత్తి లోపలికే దిగిపోతుంది. తుప్పు ఎక్కువగా దొరికేది బయటివైపు కాదు, లోపల, బాయిలర్ కింద. అక్కడ కారిన నీళ్ళు, రాలిన బూడిద కలిసి బురదలా పేరుకుపోతాయి. తడిసిన బొగ్గు బూడిద ఇనుముని ఊరికే వదలదు. పైనుంచి చెక్కలు పరిచి ఉంటాయి కాబట్టి ఎవరికీ కనబడదు. రంగు వేసేవాడికి అసలే కనబడదు.

ఇంకో మాట. ఆఫ్రికన్ క్వీన్ అన్నేళ్ళు గట్టు మీద పడి ఉండి కూడా బతికింది అంటే ఉక్కు కాబట్టి. చెక్క పడవైతే ఎప్పుడో పోయేది. చెక్క పడవని నీళ్ళలోంచి తీసి ఎండలో పెడితే పలకలు ఎండి కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. వాన నీళ్ళు పైనుంచి సందుల్లోకి దిగుతాయి. కుళ్ళు అక్కడే మొదలవుతుంది. చెక్కకి ఉప్పు నీళ్ళ కంటే మంచినీళ్ళే ఎక్కువ చేటు. 'భద్రంగా' గట్టెక్కించామని మురిసిపోయేవాళ్ళకి ఇది ఎవరైనా చెబితే బాగుండు.

'జాస్' అనే షార్కు సినిమాలో ఓర్కా అనే పడవ గతి అదే అయింది. లాబ్‌స్టర్లు పట్టుకునే మామూలు పడవని కొని, షూటింగ్‌కి కావలసినట్టు పైభాగమంతా మార్చారు. సినిమా అయ్యాక అది చేతులు మారి, తిరిగి స్టూడియోకే వచ్చి, చూడవచ్చేవాళ్ళ కోసం అక్కడి కొలనులో నిలబడింది. ఆ సినిమా తీసిన స్పీల్‌బర్గ్ అప్పుడప్పుడూ వెళ్ళి అందులో కూర్చునేవాడట. కూర్చోవడం బాగానే ఉంది, పడవ మాత్రం కుళ్ళిపోయింది. 1990ల్లో ముక్కలు చేసి పారేశారు. ముంచే సీన్ల కోసం చేసిన దాని నకలుని షూటింగ్ జరిగిన దీవిలో ఒడ్డున వదిలేస్తే, అభిమానులు గుర్తుగా తలా ఒక ముక్కా విరుచుకుపోయి దాన్నీ ఖాళీ చేశారు. అభిమానం అంటే ఇదీ!

ఇక 'బౌంటీ'. ఇది నవ్వుకునే విషయం కాదు. 'మ్యూటినీ ఆన్ ది బౌంటీ' అనే 1962 సినిమా కోసం కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో అదే పేరున్న పాత ఓడకి నకలుగా 1960లో కట్టారు, కెమెరాలు పట్టాలని అసలు ఓడ కంటే పెద్దదిగా. తర్వాత ఇంకా సినిమాల్లో కనిపించింది, యాభై ఏళ్ళు తిరిగింది. 2012లో మరమ్మతు యార్డుకి తెస్తే లోపలి వంపు దూలాల్లో కుళ్ళు బయటపడింది. విప్పి చూసి మార్చాలంటే డబ్బూ సమయమూ కావాలి. అది తర్వాత చూసుకుందామని కుళ్ళిన చోట్ల రంగు వేసి మూసేశారని విచారణలో బయటికొచ్చింది. కొద్ది వారాలకే, అక్టోబరు 29న, శాండీ తుపాను వస్తోందని తెలిసీ సముద్రంలోకి వెళ్ళిన ఆ ఓడ నార్త్ కరోలినా తీరానికి అవతల మునిగిపోయింది. పదహారు మందిలో పద్నాలుగురిని కాపాడారు. ఒకరు చనిపోయారు, కెప్టెన్ దొరకనే లేదు. తప్పంతా కుళ్ళుదే అననండి. తుపానుకి ఎదురెళ్ళడమే అసలు కారణమని అధికారులు తేల్చారు. కానీ కుళ్ళు మీద రంగు వేసినవాడి బుద్ధీ, తుపాను వస్తున్నా 'ఏమీ కాదులే' అన్నవాడి బుద్ధీ వేరని నేను అనుకోను.

ఒకే ఏడాది. ఒకచోట పాత ఉక్కు కోసి కొత్తది వేసిన పడవ నీళ్ళలోకి దిగింది, ఇంకోచోట రంగు పూసుకున్న ఓడ మునిగింది.

మన దగ్గరా లాంచీ సినిమాలకి కొదవలేదు. 1973లో 'అందాల రాముడు' గోదావరి మీద భద్రాచలం ప్రయాణంలోనే నడిచింది, 2006లో 'గోదావరి' వచ్చింది. పాటలన్నీ మనకి నోటికొచ్చు. ఆ లాంచీ నడిపిన సరంగు ఎవరో, అడుగు కట్టిన వడ్రంగి ఎవరో అడిగినవాళ్ళని నేను చూడలేదు. తాళ్ళరేవు, కోరంగి వైపు ఒకప్పుడు సముద్రం మీద పోయే ఓడలే కట్టారు. పలకల సందులో నార పెట్టి, మొండి ఉలి ఆనించి, సుత్తితో తగినంత దెబ్బ వేసి కూరడం ఆ పనివాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. దెబ్బ తగ్గితే నీళ్ళు కారతాయి, పెరిగితే పలకే విడిపోతుంది. మీద గుగ్గిలం, నూనె. పాత పడవని నిలబెట్టాలంటే మొదటి డబ్బు ఆ చేతులకి వెళ్ళాలి. కటౌట్ ఖర్చు చివర్లో, మిగిలితే.

పైభాగం సినిమాలో ఉన్నట్టే పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. జనం వచ్చేది దానికోసమే, టికెట్ డబ్బుతోనే అడుగు బాగుపడుతుంది. పక్కన బోర్డు పెట్టేటప్పుడు మాత్రం అది సినిమాకి ముందు ఎవరి బరువు మోసిందో కూడా రాయండి. మార్చిన రేకు ఎక్కడిదో, ఎప్పుడు మార్చారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. తీసేసిన పాత ముక్క ఒకటి పారేయకుండా అట్టేపెట్టండి. అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి చూసుకుంటారు.

ఇక 'ఫలానా సినిమాలో వాడిన పడవ, అమ్మకానికి ఉంది' అని ఫొటోలు పెట్టేవాళ్ళకి: అడుగు చెక్కలు ఎత్తి లోపలి ఫొటో కూడా పెట్టండి. రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.