ఒక్క బోల్టు చాలు, జీపు దానంతటదే వస్తుంది

రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి దాదాపు 6,40,000 జీపులు తయారుచేశాయి. 1945లో యుద్ధం ముగిసింది, ఆ జీపుల తయారీ కూడా ఆగింది. తర్వాత కొన్ని తుక్కు కింద పోయాయి, కొన్ని సముద్రం పాలయ్యాయి, కొన్ని పొలాల్లో నాగలి లాగి లాగి అరిగిపోయాయి. లెక్క ప్రకారం ఏటేటా తగ్గాలి. అమ్మకపు ప్రకటనలు చూస్తే మాత్రం ఏటేటా పెరుగుతున్నట్టే ఉంది. పైగా ప్రతి జీపూ 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలతో పాటు ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగిందే. ఆ రోజు నిజంగా అన్ని దిగి ఉంటే సైనికులకు నిలబడే చోటు కూడా మిగిలేది కాదు.

దీన్ని మోసం అనే తొందరపాటు మనుషులున్నారు. పాపం, వాళ్లకు తత్వం తెలియదు. చిరిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ ఒక శరీరం వదిలి ఇంకోదాంట్లో చేరుతుందని పెద్దలు చెబితే, అది మనుషుల గురించే అనుకున్నాం. నిజానికి జీపుకే బాగా అతుకుతుంది. బాడీ కుళ్లిపోయిందా, అచ్చు గుద్దినట్టు కొత్తది చేసి అమ్మేవాళ్లున్నారు. ఛాసిస్, అంటే అడుగు చట్రం విరిగిందా, అదీ కొత్తది దొరుకుతుంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టే వివరాల పలక కూడా మనం కోరిన తేదీతో చేసిస్తారు. అన్నీ కొత్తవే, బండి మాత్రం 1943 మోడల్. మరి ఆత్మ ఎక్కడుందండీ అని అడగడం మర్యాద కాదు.

నా జీపు ఆత్మ ఒక బోల్టులో ఉంది. నేను కళ్లారా చూశాను.

అమ్మకందారు టార్చిలైటు పట్టుకుని బంపరు వెనక్కి దూరాడు. గుడ్డతో గ్రీజు తుడిచి, "ఇటు రండి సార్" అని పిలిచాడు. బోల్టు తల మీద వంపులు తిరిగిన ఎఫ్ అక్షరం! ఫోర్డ్ వాళ్లు తమ భాగాల మీద, ఆఖరికి బోల్టుల మీద కూడా ఆ అక్షరం వేసేవారు. "ఒరిజినల్ ఫోర్డు సార్. ఇక మీ ఇష్టం" అని టార్చి ఆర్పేశాడు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి సంగతి చిన్నప్పుడు విని నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

అలాగని గుడ్డిగా కొన్నానని అనుకోకండి. జేబులో అయస్కాంతం పెట్టుకునే వెళ్లాను. రేకు మీద ఎంత పుట్టీ మెత్తారో దాంతో తేలిపోతుంది. తలుపు ఉండాల్సిన చోటు పక్కన ఆనించాను, జారి కింద పడింది. ఇంకో చోట ఆనించాను, అక్కడా అంతే.

"అల్యూమినియం సార్" అన్నాడతను, రెప్ప వేయకుండా.

నేను తల ఊపాను. 1948లో ల్యాండ్ రోవర్ వచ్చినప్పుడు ఉక్కు కరువు వల్ల దాని బాడీ అల్యూమినియంతో చేశారని ఎక్కడో చదివాను. చదువుకున్నవాడికి ఇదొక ఇబ్బంది, ఎదుటివాడి అబద్ధానికి సాక్ష్యం మన దగ్గరే తయారుగా ఉంటుంది. జీపు బాడీ ఉక్కు రేకని తర్వాత గుర్తొచ్చింది. ఇంటికొచ్చి గీకితే వేలు మందాన పుట్టీ. దాన్ని పుట్టీ అనడం కూడా తప్పే, శిల్పం అనాలి.

మెకానిక్ వచ్చి కింద పడుకుని చాలాసేపు చూశాడు.

"బోల్టు ఫోర్డుదే సార్. కానీ ముందు వైపు అడ్డకమ్మీ గుండ్రటి గొట్టం. అంటే ఛాసిస్ విల్లీస్‌ది. ఫోర్డుకి బోర్లించిన తొట్టిలా ఉంటుంది."

తర్వాత లేచి బండి ముందున్న గ్రిల్లు సందులు వేలితో లెక్కపెట్టాడు. ఏడు. యుద్ధకాలపు రేకు గ్రిల్లుకి తొమ్మిది ఉండాలి. ఏడంటే యుద్ధం అయ్యాక పౌరుల కోసం చేసిన సీజే రకం జీపు. కరెంటు చూస్తే 24 వోల్టులు. యుద్ధంలో వాడిన జీపుది ఆరే. ఈ వైరింగు ఫ్రాన్సులో హాచ్‌కిస్ వాళ్లు లైసెన్సు మీద చేసిన ఎం201 జీపు నుంచి వచ్చి ఉంటుందని తేల్చాడు.

"ఒక్క జీపు డబ్బుతో నాలుగు కొన్నారు సార్."

పొగడ్త కిందే జమ వేసుకున్నాను. ఎందుకంటే యుద్ధంలో కూడా జరిగింది ఇదే. రెండు కంపెనీల భాగాలూ ఒకదానికొకటి సరిపోయేలా చేశారు. రిపేరు డిపోలో ఏది చేతికొస్తే అది బిగించి పంపేవాళ్లు. సైన్యానికి లేని మడి మనకెందుకు?

ఇంతకన్నా పెద్ద అద్భుతం, యుద్ధం తర్వాతి కాలంలో అమెరికా సైన్యం వాడిన ఎం151 అనే జీపు లాంటి బండి. దాన్ని వేగంగా మలుపు తిప్పితే పల్టీ కొట్టే గుణం ఉందని, జనం చేతికి అలాగే ఇవ్వడం ఇష్టం లేక, అమెరికా సైన్యం ముక్కలుగా కోసి తుక్కుకి వేసేది. జనం ఆ ముక్కలు కొనుక్కొచ్చి మళ్లీ వెల్డింగు చేశారు. సాక్షాత్తూ జరాసంధుడు. పక్కన భీముడు లేకుండా చూసుకుంటే చాలు, హాయిగా నడుస్తుంది.

ధర గురించి పెద్దగా చెప్పను, ఏడుపొస్తుంది. ఎప్పుడు బేరానికి కూర్చున్నా ఒకాయన తగులుతాడు. గ్రీజు పూసి పెట్టెలో పెట్టిన కొత్త జీపు ఒకప్పుడు 50 డాలర్లకే వచ్చేదట, ఆయనకు తెలిసినవాళ్ల బంధువు కొన్నాడట. అమెరికా పత్రికల్లో అలాంటి ప్రకటనలు నిజంగానే వచ్చేవి. డబ్బు పంపితే వచ్చింది మాత్రం సైన్యం మిగులు సామాను ఎలా కొనాలో చెప్పే పుస్తకం.

ఇక రిస్టోరేషన్, అంటే బండిని మళ్లీ మొదటి రూపానికి తేవడం. తొమ్మిది సందుల గ్రిల్లు కొన్నాను. దానికి తగ్గ హెడ్‌లైట్లు కావాలి. అవి మామూలువి కావు, చేత్తో నట్టు వదులు చేసి వెనక్కి తిప్పితే చీకట్లో ఇంజిన్ మీద వెలుతురు పడుతుంది. ఆ దీపాలకు ఆరు వోల్టులు కావాలి, వోల్టులకు డైనమో, డైనమోకి సరైన ఇంజిన్. గోచీని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చిన సన్యాసి నా ముందు పిల్లకాయ. ఏడేళ్లు పట్టింది. ఒక రాత్రి దీపం వెనక్కి తిప్పి వెలిగించాను. అద్భుతంగా వెలిగింది. ఇంజిన్ అప్పటికింకా రాలేదు కాబట్టి ఖాళీ గుంతలో ఒక ఎలుక గూడు స్పష్టంగా కనిపించింది.

మర్నాడు ప్రకటన ఇచ్చాను. "90 శాతం పూర్తయిన ప్రాజెక్టు. సమయం లేక అమ్ముతున్నాను." రెండో వాక్యం అక్షరాలా నిజం.

ఒక కుర్రాడు వచ్చాడు. జేబులోంచి అయస్కాంతం తీసి పక్క రేకుకి ఆనించాడు. జారి పడింది. నేను నోరు తెరిచేలోపే, "అల్యూమినియం కదండీ?" అన్నాడు.

చదువుకున్న కుర్రాడు. కాదనలేకపోయాను.

జీపు వెళ్లిపోయింది. బోల్టు మాత్రం ముందు రోజు రాత్రే ఊడదీసి ఉంచుకున్నాను. టేబుల్ మీద పెట్టుకుని రోజూ తుడుస్తున్నాను, దానికి తగ్గ జీపు చూస్తున్నాను. మీ ఎరుకలో ఏదైనా ఉంటే చెప్పండి, మిగతా భాగాలు ఏ కంపెనీవైనా ఫరవాలేదు.