పబ్బుకెళ్లొచ్చిన మొగుడు

(శనివారం రాత్రి పదకొండు కావస్తోంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. పద్మ సోఫాలో కూర్చుని, కాళ్లు టీపాయ్ మీద చాపుకుని, పెరుగన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని తింటోంది. పళ్లెం లేదు. మూత తీసిన ఆవకాయ సీసా పక్కనే ఉంది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఇలా ఒంటరిగా, ఎవరూ పలకరించకుండా గడిచిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంతలో కాలింగ్ బెల్.)

పద్మ: (తలుపు తీసి) మీరా! అప్పుడే వచ్చేశారేంటండీ? ఒంటిగంట దాకా ఉంటుందన్నారుగా!

ప్రసాద్: పబ్బు ఉంటుంది. నేనే ఉండలేను. పక్కకి జరుగు, చెవుల్లో ఇంకా డప్పులు మోగుతున్నాయి. కాస్త అన్నం ఉందా?

పద్మ: రమణ అన్నయ్య మనిషికి రెండు వేలు కట్టి తీసుకెళ్తే, ఇంటికొచ్చి అన్నం ఉందా అంటారా?

ప్రసాద్: ఆ రెండు వేలకీ లోపల తిండో తాగుడో తీసుకోవాలట. నేను సోడా తాగాను. ఉప్పా తీపా అని అడిగాడు, తీపి అన్నాను. డ్యాన్స్ హాల్లో నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే.

పద్మ: అన్నయ్యతో కూడా మాట్లాడలేదా?

ప్రసాద్: వాడు చెవిలో నోరు పెట్టి అరుస్తాడు, నాకేమో వినపడదు. వినపడక ప్రతిదానికీ తలూపాను. మొదటి ఊపుకి కబాబుల ప్లేటు వచ్చింది. రెండో ఊపుకి ఎవరిదో పుట్టినరోజు కేకు నా బుగ్గకి పూశారు. మూడో ఊపుకి డ్యాన్స్ ఫ్లోర్ మీదికి ఈడ్చుకెళ్లారు.

పద్మ: డ్యాన్స్ చేశారా! మన పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్లు బతిమాలినా కారు దిగని మనిషి!

ప్రసాద్: చెయ్యలేదు. గుళ్లో చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను. చుట్టూ అందరూ ఎగురుతున్నారు. కిక్కిరిసిన సిటీ బస్సులో ఉన్నట్టే, ఎటు తోస్తే అటు ఊగాను. రమణ అదే డ్యాన్స్ అనుకుని వీడియో తీశాడు.

పద్మ: ఆ వీడియో నాకు కావాలి. అది సరే, గేటు దగ్గర ఏమీ అనలేదా? చెప్పులతో రానివ్వరని చెప్పి నేనే ఆఫీసు బూట్లు తొడిగించాను.

ప్రసాద్: బూట్లతో గొడవ లేదు. నువ్వు ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, జేబులో పెన్ను. అది చూసి బౌన్సర్ లేచి నిలబడి, "సార్, ఇన్‌స్పెక్షనా?" అన్నాడు. లోపల్నుంచి మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. లైసెన్సు కాపీ చూపించాడు. పక్కనున్న కుర్రాళ్లకి ఇరవై ఒకటి నిండాయా లేదా అని ఆధార్ కార్డులు నా ముందే మళ్లీ చెక్ చేశాడు. ఏసీ గదిలో కూర్చోమన్నాడు. నాకు ఆ గదే బాగుంది. రమణ వచ్చి నిజం చెప్పి చెడగొట్టాడు.

పద్మ: అయ్యో, మర్యాద పోయిందే!

ప్రసాద్: సరే, పదింటిదాకా ఓపిక పడదామనుకున్నా. జూబ్లీహిల్స్ పబ్బుల్లో రాత్రి పది దాటితే పాటలు పెట్టొద్దని 2022లో హైకోర్టు అంది కదా, చదివాను. పది అయింది. వాచీ చూసుకుంటున్నా. పదీ ఒక నిమిషం. ఏం చేశారో తెలుసా? సౌండ్ పెంచారు!

పద్మ: మీరు ఊరుకున్నారా?

ప్రసాద్: బౌన్సర్‌ని అడిగాను. "తర్వాత దాన్ని పది పబ్బులకే అన్నారు సార్, మేం ఆ పదిలో లేం" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఇంకా పెన్ను మీద అనుమానం ఉన్నట్టుంది.

పద్మ: అంతకుముందు రెండు గంటలు ఎక్కడున్నారు మరి?

ప్రసాద్: బాత్రూంలో. ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నావ్! చేతులు తుడుచుకోడానికి కాగితాలిచ్చే కుర్రాడొకడున్నాడు, శ్రీకాకుళం వైపు వాడట. అక్క పెళ్లి కుదిరిందని, కట్నం దగ్గర పేచీ వచ్చిందని అంతా చెప్పాడు. నేనూ నాకు తోచింది చెప్పాను. నలభై నిమిషాలు ఎలా గడిచాయో తెలీదు.

పద్మ: మీకు మనుషులు పడరని మా అమ్మతో అనవసరంగా చెప్పానే!

ప్రసాద్: పడతారు. ఒక్కొక్కళ్లుగా వస్తే పడతారు. సరే, అసలు ఆ అబ్బాయి అక్కకి వచ్చిన సంబంధం ఉంది చూశావా...

పద్మ: ఆపండి! బయట మూడు గంటలు నోరు కుట్టేసుకుని, ఇంటికొచ్చి అసలూ వడ్డీ కలిపి నా నెత్తిన పోస్తారు. ఆఫీసులో మిమ్మల్ని మౌనముని అంటారట. ఆ మునితో ఒక్క పూట కాపురం చెయ్యమనండి వాళ్లని! ఈ రాత్రి కోసం నేను నెల రోజులు రమణ అన్నయ్యని బతిమాలాను, తెలుసా?

ప్రసాద్: నువ్వా? వాడు నన్ను ప్రేమతో తీసుకెళ్లాడనుకున్నా.

పద్మ: ప్రేమ కాదు, డ్రైవింగు. తాగని స్నేహితుడు ఆయనకి మీరొక్కరే.

ప్రసాద్: (వాష్‌బేసిన్ దగ్గర మణికట్టు రుద్దుకుంటూ) అదీ నిజమే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే పది వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పబ్బు గేటు దగ్గర వేసిన ఈ ముద్ర చూడు, పోస్టాఫీసు ముద్రలా ఊదారంగులో అంటుకుపోయింది. సబ్బుకి పోలేదు, కొబ్బరినూనెకీ పోలేదు. అంట్లు తోమే పీచు ఎక్కడుంది?

పద్మ: ఉండండి. ఆయన్ని మీరే తీసుకురావాలి కదా! మీరు ఎలా వచ్చారు?

ప్రసాద్: మెట్రోలో. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి... బోగీలో ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు. స్వర్గం!

పద్మ: (టీపాయ్ మీద ఆయన జేబులోంచి తీసి పెట్టినవి చూస్తూ) చేతిరుమాలు, పెన్ను... ఈ ప్లాస్టిక్ బిళ్లేంటి? 47 అని ఉంది.

ప్రసాద్: అదా? కారు పార్కింగ్ టోకెను. నేనే నడపాలి కదా అని రమణ నా చేతికే...

(ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్మ ఫోన్ మోగింది.)

పద్మ: ఆఁ, చెప్పండన్నయ్యా... ఏంటీ, బాత్రూం తలుపు కొడుతున్నారా? లోపల ఎవరో హిందీలో తిడుతున్నారా?... కొట్టకండి, అందులో ఆయన లేరు. పది నిమిషాల్లో బయల్దేరతారు. (ఫోన్ పెట్టేసి) చెయ్యి వదలండి! ఆ పీచు అవతల పడెయ్యండి!

ప్రసాద్: సగం పోయింది పద్మా, ఇంకాస్త రుద్దితే...

పద్మ: అందుకే వద్దంటున్నా. ముద్ర ఉంటే మళ్లీ రెండు వేలు కట్టక్కర్లేదు. బూట్లు విప్పలేదుగా? మంచిది.

ప్రసాద్: ఒక్క ముద్ద పెరుగన్నం...

పద్మ: (గిన్నె వెనక్కి దాచుకుని, ఇంకో చేత్తో పెన్ను తీసి ఆయన జేబులో గుచ్చుతూ) ఏసీ గదిలో కూర్చోబెట్టి వాళ్లే పెడతారు. వెళ్లండి!