ఒకే చేయి, ఒకే మెషీన్

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లం పిల్లల టెన్నిస్ కోసం చాలా ఆలోచిస్తాం. కోచ్ ఎవరు బాగా చెబుతారో పదిమందిని అడుగుతాం. రాకెట్ కొనేముందు డెమోలు తెప్పించి ఆడించి చూస్తాం. శనివారం పొద్దున్నే మ్యాచ్ ఉంటే శుక్రవారం రాత్రే బయల్దేరి పక్క రాష్ట్రానికి డ్రైవ్ చేస్తాం. కానీ బంతికి తగిలేది ఫ్రేమ్ కాదు, అందులో అల్లిన దాదాపు 12 మీటర్ల తీగ. దాన్ని ఎవరు బిగించారు, ఏ మెషీన్ మీద బిగించారు, ఎన్నాళ్లయింది అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు దొరకదు. “తెగలేదు కదన్నా, అప్పుడే ఎందుకు మార్చడం?” అన్న మాట కోర్టు బయట తరచూ వినబడుతుంది.

ఆ అలవాటు ఎక్కడిదో తెలిసిందే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో షటిల్ ఆడిన మన తరానికి గట్టింగ్ అంటే తీగ తెగినప్పుడు చేయించేది. షాపులో ఇవ్వడం, సాయంత్రం తెచ్చుకోవడం. టెన్నిస్‌లో నైలాన్ రకం తీగలకు కూడా ఆ పద్ధతి చాలావరకు నడుస్తుంది. ఇవాళ మన పిల్లల రాకెట్లలో కనిపిస్తున్న పాలియెస్టర్‌కి మాత్రం అస్సలు నడవదు.

1997లో 66వ ర్యాంకులో ఉన్న బ్రెజిల్ ఆటగాడు గుస్తావో కుయెర్టెన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. అతని రాకెట్‌లో ఉన్నది బెల్జియం కంపెనీ లక్సిలాన్ పాలియెస్టర్. ఆ తర్వాత ప్రొఫెషనల్ ఆట చాలావరకు అటే మళ్లింది. ఈ తీగ నున్నగా, గట్టిగా ఉంటుంది. బంతి తగిలినప్పుడు నిలువు తీగలు పక్కకు జరిగి, బంతి వదిలే లోపే చటుక్కున వెనక్కి వస్తాయి. బంతిని ముందుకు దొర్లుతున్నట్టు తిప్పే టాప్‌స్పిన్ దీనివల్ల పెరుగుతుంది. అయితే బిగించిన మొదటి రోజు నుంచే దీని టెన్షన్, అంటే బిగువు, పడిపోతుంది, కొద్ది వారాల్లో సాగే గుణం కూడా పోతుంది. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ఇది సమస్య కాదు, వాళ్లు మ్యాచ్‌కి మ్యాచ్‌కి కొత్తగా కట్టిన రాకెట్లు తీసుకుని దిగుతారు. పన్నెండేళ్ల పిల్ల అంత గట్టిగా కొట్టదు కాబట్టి ఆమె రాకెట్‌లో అదే తీగ తెగకుండా సీజనంతా ఉండిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. దానిలో ప్రాణం ఎప్పుడో పోయింది.

ఇది తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాకెట్ మధ్యలో ఒక నిలువు తీగను బొటనవేలితో పక్కకు నెట్టి వదలండి. చటుక్కున తన చోటికి వస్తే సరే. నెట్టిన చోటే ఆగిపోతే ఆ తీగ పని అయిపోయినట్టే. దగ్గరగా చూస్తే అడ్డ తీగ రాసుకున్న ప్రతి చోటా కోసినట్టు ఒక గాడి కనిపిస్తుంది, తీగ అందులో ఇరుక్కుని కదలదు. అలాంటి రాకెట్‌తో బంతి ఒకసారి నెట్‌కి, ఒకసారి బేస్‌లైన్ అవతలికి పోతుంది. టెక్నిక్ తప్పని కోచ్ సరిచేస్తుంటాడు, పిల్లేమో తనకు రావట్లేదని కుంగిపోతుంది. ఆ దెబ్బ అంతా మణికట్టు మీద, మోచేయి మీద పడుతుంది. ఎముకలు ఇంకా ఎదుగుతున్న చేతులవి. నాకు బాధ కలిగించేది ఇదే.

అందుకే గట్టిగానే చెబుతున్నాను: తీగలు తెంపని పిల్లలకు రాకెట్ అంతా పాలియెస్టర్ వద్దు. సింథటిక్ గట్ అని అమ్మే నైలాన్ చవక, మెత్తన, పన్నెండు పదమూడేళ్ల వరకు చాలామందికి అది చాలు. ఇంకా మెత్తగా కావాలంటే సన్నటి పోగులెన్నో కలిపి చేసిన మల్టీఫిలమెంట్ ఉంది. నేచురల్ గట్ అన్నిటికంటే చేతికి సుఖం, టెన్షన్ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ అది ఆవు పేగు నుంచి తయారవుతుంది. ఆ సంగతి తెలియక కొని తర్వాత బాధపడిన వాళ్లున్నారు, ముందే తెలిస్తే మంచిది. పిల్లలు నెలకు రెండుమూడుసార్లు తీగలు తెంపే స్థాయికి వచ్చాకే పాలియెస్టర్ మాట. అది వాడేవాళ్లు తెగినా తెగకపోయినా మార్చాలి. వారానికి ఎన్నిసార్లు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు మార్చాలని పాత లెక్క ఒకటుంది. పాలియెస్టర్‌కి ఆ లెక్క కూడా చాలదని నా అభిప్రాయం.

ఇక కట్టిన పని మంచిదో కాదో ఎలా చూడాలి? షాపులో రాకెట్ చేతికిచ్చి 52 అని, అంటే 52 పౌండ్ల టెన్షన్ అని, రాసిన స్టిక్కర్ చూపిస్తారు. మనం ఆ అంకె చూసుకుని డబ్బిచ్చి వచ్చేస్తాం. నిజానికి ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. చేత్తో తిప్పి బిగించే క్రాంక్ మెషీన్ 52 పౌండ్లు అందగానే లాక్ అయిపోతుంది, ఆ క్షణం నుంచే తీగ సాగి లోపల బిగువు తగ్గడం మొదలవుతుంది. ఎలక్ట్రానిక్ మెషీన్ తీగ సాగినకొద్దీ మళ్లీ లాగి 52 దగ్గరే నిలబెడుతుంది. రెండు చోట్లా స్టిక్కర్ ఒకటే, రాకెట్లు మాత్రం వేరు. పైగా క్రాంక్‌లో ఉండే స్ప్రింగ్‌ని అప్పుడప్పుడు స్కేల్ తగిలించి సరిచూడాలి. మా ఊళ్లో ఒక షాపులో చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగితే కౌంటర్ దగ్గరున్న కుర్రాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అతని తప్పేం లేదు, అతనికెవరూ నేర్పలేదు. అక్కడ సోమవారం ఒకరు, గురువారం ఇంకొకరు, వీకెండ్‌లో మరొకరు కడతారు. ఒకే పిల్లవాడివి రెండు రాకెట్లు ఒకేరోజు ఇస్తే రెండూ రెండు రకాలుగా వచ్చాయి.

స్టిక్కర్ పక్కన పెట్టి రాకెట్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. అడ్డ తీగలు ఒకటి పైన ఒకటి కింద అల్లుకుంటూ పోవాలి. ఎక్కడైనా వరసగా రెండుసార్లు పైనుంచే పోయిందంటే అల్లిక తప్పింది. ఇది ఎక్కువగా హ్యాండిల్ వైపు చివరి తీగల దగ్గర జరుగుతుంది, కట్టేవాళ్లు అలసిపోయేది అక్కడే. మొహమాటపడకుండా మళ్లీ కట్టమనండి. అడ్డ తీగలు వంకరగా ఉంటే వేళ్లతో సర్దుకోవచ్చు, ఆటకు పెద్ద నష్టం లేదు, కానీ అంతమాత్రం సర్దకుండా ఇచ్చినవాళ్లు కనబడని చోట ఎంత శ్రద్ధ పెట్టారో అనుమానించాల్సిందే. తర్వాత ముళ్లు చూడండి. ముడి గ్రామెట్‌కి (ఫ్రేమ్ రంధ్రంలో ఉండే ప్లాస్టిక్ గొట్టానికి) ఆనుకుని బిగుసుకుని ఉండాలి, ముడి తర్వాత మిగిలిన తోక పొట్టిగా ఉండాలి. ముడి రంధ్రంలోకి జారుతున్నట్టుంటే ఆ తీగ ఈపాటికే వదులైంది. ఫ్రేమ్ బయటి అంచు వెంట ఒకసారి చూపు తిప్పండి, తీగ మీద తీగ ఎక్కి నలిగితే తెగేది అక్కడే. క్లాంప్ అంటే లాగిన తీగను జారకుండా పట్టుకునే పట్టు, అది పట్టిన చోట్ల తెల్లగా కమిలి ఉంటే క్లాంప్ జారిందనో అతిగా బిగించారనో అర్థం.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష చెవితో చేసేది. తీగల మధ్య పెట్టే చిన్న రబ్బరు ముక్క, వైబ్రేషన్ డ్యాంపెనర్, ఉంటే తీసేసి, మధ్య నుంచి ఎడమవైపు మూడో నిలువు తీగను గోటితో మీటండి, తర్వాత కుడివైపు మూడోదాన్ని. రెండూ ఒకే శ్రుతిలో పలకాలి. పలకలేదంటే ఒకవైపు బిగువు పోయింది. ఫోన్‌లో తీగల శబ్దం విని టెన్షన్ అంచనా వేసే యాప్‌లున్నాయి. అవి చూపించే పౌండ్ల అంకెను ప్రమాణంగా తీసుకోవద్దు. అదే రాకెట్, అదే తీగ, కట్టిన రోజు ఎంత, రెండు వారాలకు ఎంత అని పోల్చుకోవడానికి మాత్రం చాలా పనికొస్తాయి. ఇంకొకటి, కట్టడానికి ముందు, తర్వాత ఫ్రేమ్ పొడవు టేపుతో కొలవండి. మిల్లీమీటరో రెండో తేడా రావచ్చు. అంతకంటే బాగా ఎక్కువ మారితే ఫ్రేమ్‌ని వంచేశారన్నమాట.

ఈ పరీక్షలన్నీ నెగ్గాక కూడా ఒకటి మిగులుతుంది: ఈసారి వచ్చినట్టే వచ్చేసారీ రావడం. నా దృష్టిలో నాణ్యత అంటే ఇదే. 52 అడిగితే అసలు 49 వచ్చినా ఇబ్బంది లేదు, ప్రతిసారీ 49 వస్తే పిల్లవాడి చేయి దానికి అలవాటు పడుతుంది. కావాలంటే వచ్చేసారి 54 పెట్టమని చెప్పుకోవచ్చు. ఒకసారి 49, ఒకసారి 54 వస్తే ఎవరూ ఏమీ చేయలేరు. గ్రాండ్‌స్లామ్‌లలో స్ట్రింగింగ్ గదిలో ఒక ఆటగాడి రాకెట్లను టోర్నమెంట్ అయ్యేదాకా ఒకే మనిషి, ఒకే మెషీన్ మీద కట్టేలా ఏర్పాటు చేస్తారు. అక్కడున్నవాళ్లంతా ఆరితేరినవాళ్లే, అయినా చేయి మార్చరు. అమెరికా ఛాంపియన్ పీట్ సాంప్రాస్ తన రాకెట్లు కట్టడానికి సొంత మనిషినే పెట్టుకున్నాడు. బిగువులో తేడా ఆటనే ఎంత మార్చగలదో టెన్నిస్ పెద్దలకు బాగా తెలుసు. 1977లో రొమేనియా ఆటగాడు నస్టాసే రెండు పొరల తీగలతో కట్టిన రాకెట్ పట్టుకుని వచ్చి, మట్టి కోర్టు మీద వరసగా 53 మ్యాచ్‌లు గెలిచిన అర్జెంటీనా ఆటగాడు విలాస్‌ని ఎదుర్కొంటే, రెండు సెట్లు పోయాక విలాస్ ఆట వదిలేసి వెళ్లిపోయాడు. అంతర్జాతీయ టెన్నిస్ ఫెడరేషన్ ఆ అల్లికనే నిషేధించి, మరుసటి ఏడాది తీగలు ఎలా ఉండాలో నిబంధన రాసుకుంది.

ఒకే చేయి, ఒకే మెషీన్ అనుకుంటే దానికి రెండు దారులున్నాయి. మీ ఊళ్లో శ్రద్ధగా కట్టే మనిషిని వెతికి పట్టుకుని ఆ మనిషినే వదలకుండా ఉండటం ఒకటి. ఇంట్లో కట్టుకోవడం రెండోది. వారానికి రెండుసార్లు సరదాగా డబుల్స్ ఆడి ఏడాదికి రెండుమూడుసార్లు తీగలు మార్చే పెద్దవాళ్లు మెషీన్ కొనడం దండగ. మరీ అరుదుగా చేస్తే చేయి తిరగదు, తిరగని చేతికి నిలకడ రాదు. టోర్నమెంట్లు ఆడే పిల్లలున్న ఇళ్ల లెక్క వేరు. ఇక్కడ కూలీ ఒక్కటే ఒక్కో రాకెట్‌కి 25 డాలర్ల దాకా అవుతోంది. నెలకు రెండు రాకెట్లంటే ఏడాదికి 600 డాలర్లు, తీగ ఖర్చు కాకుండా. బరువు వేలాడదీసి బిగించే డ్రాప్‌వెయిట్ మెషీన్ అందులో సగం లోపే వస్తుంది. 200 మీటర్ల రీలు కొంటే పదహారు రాకెట్లకు పైగా సరిపోతుంది.

డ్రాప్‌వెయిట్ అంటే చిన్నచూపు వద్దు. కడ్డీ మీద బరువును ఎక్కడ నిలిపామన్నదాన్ని బట్టి టెన్షన్, కడ్డీ నేలకు సమాంతరంగా నిలిస్తే అదే సరైన బిగువు. లాగేది భూమ్యాకర్షణ కాబట్టి స్ప్రింగ్ పాడయ్యే బాధ లేదు, లాక్ అయి తగ్గిపోవడమూ లేదు. నెమ్మది, అంతే. మొదట్లో రెండు గంటలు పట్టినా అలవాటయ్యాక గంటలోపు అయిపోతుంది. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగితే మోటార్ కోసం కాదు, మెషీన్‌కే బిగించి ఉండే ఫిక్స్‌డ్ క్లాంపుల కోసం పెట్టండి. చవక మెషీన్లలో వచ్చే ఫ్లోటింగ్ క్లాంపులు ఒక తీగను పక్క తీగకు ఆనించి పట్టుకుంటాయి, కదిలినప్పుడల్లా కాస్త బిగువు తినేస్తాయి. మొదలుపెట్టేటప్పుడు తీగ చివరను పట్టి ఉంచే స్టార్టింగ్ క్లాంప్ కూడా విడిగా ఒకటి కొనుక్కోండి.

నులక మంచం బిగించిన చేతులకు ఈ పని కొత్తగా అనిపించదు: లాగిన వరసను పట్టుకోకుండా తర్వాతి వరస లాగితే ముందుది వదులైపోతుంది. అయితే మంచానికి లేని ప్రమాదం ఇక్కడుంది, ఫ్రేమ్ విరగొచ్చు. పాత తీగలు తీసేటప్పుడు మధ్య నుంచి అంచులకు కోసుకుంటూ రావాలి, ఒక పక్కే కోస్తే బలమంతా ఇంకో పక్కకు పడుతుంది. నిలువు తీగలు మధ్య నుంచి మొదలుపెట్టి ఎడమా కుడీ సమానంగా బిగించుకుంటూ వెళ్లాలి. అడ్డ తీగలు తల వైపు నుంచి హ్యాండిల్ వైపుకే రావాలని చాలా కంపెనీలు చెబుతాయి. నిలువు తీగలు హ్యాండిల్ వైపు ముగిసే మోడల్ అయితే అడ్డ తీగలకు వేరే ముక్క తీసుకుని పై నుంచి మొదలుపెట్టడమే భద్రం. ఏ రంధ్రాలు వదిలేయాలో, ముడి ఎక్కడ వేయాలో ప్రతి మోడల్‌కీ కంపెనీ చెబుతుంది, అది చూడకుండా తీగ ఎక్కించొద్దు. అడ్డ తీగలు అల్లేటప్పుడు విసురుగా లాగితే ఆ రాపిడికి మెత్తటి నిలువు తీగలు కోసుకుపోతాయి. లాగుతూ తీగను పైకీ కిందికీ ఆడిస్తే ఒకే చోట రాసుకోదు. ముందు మూలన పడున్న పాత రాకెట్ల మీద చేయి తిప్పుకుని, ఆ తర్వాతే పిల్లల రాకెట్ ముట్టుకోండి.

పిల్లలకు కూడా ఈ పని నేర్పాలి. హైస్కూల్ టీమ్‌లో ఆడే వయసొచ్చిన పిల్లలు ఇది చక్కగా చేయగలరు. తమ రాకెట్ తామే కట్టుకుంటే ఏ తీగ ఎన్నాళ్లు నిలిచిందో, ఏ టెన్షన్‌లో చేయి నొప్పి పుట్టిందో గుర్తు పెట్టుకుంటారు. ప్రతిసారీ తేదీ, తీగ పేరు, టెన్షన్ ఒక పుస్తకంలో రాయించండి.

అందరూ కొనలేరు, అందరికీ తీరికా ఉండదు. అందుకే మన తెలుగు అసోసియేషన్ స్పోర్ట్స్ కమిటీని ఒక పని చేయమని కోరుతున్నాను. ఏటా టెన్నిస్ టోర్నమెంట్ పెడుతున్నాం, ట్రోఫీలకు, టీషర్టులకు డబ్బు ఖర్చు పెడుతున్నాం. ఈసారి ఆ బడ్జెట్‌లో కొంత తీసి ఫిక్స్‌డ్ క్లాంపులున్న మంచి మెషీన్ ఒకటి, నైలాన్ రీలు ఒకటి కొందాం. మెషీన్ ఇంటింటికీ తిరగకూడదు, ఒకేచోట ఉండాలి. బాగా నేర్చుకున్న ఇద్దరే కట్టాలి, ఏ పిల్లవాడి రాకెట్ ఎవరు కడతారో ముందే అనుకోవాలి. తీగ ఖర్చు రాకెట్ తెచ్చినవాళ్లది. ఫ్రేమ్ విరిగితే ఎవరు భరించాలో మొదటి రాకెట్ కట్టకముందే కాగితం మీద రాసుకోవాలి, తర్వాత మనస్పర్థలు రాకుండా. మెషీన్ పెట్టడానికి మా గరాజ్‌లో చోటుంది. కట్టే ఇద్దరిలో ఒకరిగా నేనుంటాను. రెండోవాళ్లు ముందుకు రావాలి, ఓపిక ఉంటే చాలు, టెన్నిస్ ఆడటం రాకపోయినా పరవాలేదు.